రెండు వాక్యాలూ ఒక జవాబూ

ఫిబ్రవరి 6

మామయ్యా,

నీ ఉడత రాస్తున్నాను. కవరు మీద నా చేతిరాత చూడగానే "ఇన్నాళ్ళకు గుర్తొచ్చామా మేనకోడలికి" అని అత్తయ్యతో అంటావని తెలుసు. అను, పడతాను. అమ్మ బాగానే ఉంది, మోకాళ్ళ సంగతి తప్ప. నీకు ఫోన్ చేసినప్పుడల్లా అత్తయ్యే ఎత్తి "ఆయన బయటికెళ్ళారు వదినా" అంటోందట. "రిటైరయ్యాక కూడా ఎప్పుడు చూసినా బయటే, వాడేమన్నా పోస్టుమానా?" అని నన్ను నిలదీస్తోంది. పోయినేడాది చుట్టాల పెళ్ళికి రాలేదని తను నాలుగు మాటలన్నందుకు ఇంకా అలిగావని అమ్మ అనుమానం. అలిగితే అలిగావు గాని, నా మీద చూపించకు. నాకు నీతో పనిపడింది.

మా బ్యాండు సంగతి నీకు తెలుసుగా. డ్రమ్ముల మీద పళ్ళ డాక్టరు, పాటకి లెక్కల టీచరమ్మ, బేస్ గిటార్‌కి ఆవిడ తమ్ముడు, మూల కుర్చీలో పాట వెనకాల మూడేసి స్వరాలు కలిపి గిటార్ మీద కార్డులు కొడుతూ నేను. పాట మధ్యలో ముందు నిలబడి ఒక్కడే సోలోలు వాయించే పొడుగాయనకి వేరే ఊళ్ళో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోయాడు. పోయిన శనివారం మధ్యాహ్నం క్లినిక్ వెనకగదిలో సాధన చేస్తుంటే డాక్టరుగారు కర్రలు పక్కన పెట్టి, "ఇక సోలో నువ్వే వాయించాలమ్మా" అన్నారు, "కొంచెం నోరు తెరవండి" అన్నంత తేలిగ్గా.

వాయించాను. స్వరాల స్కేలు పైకి ఎక్కాను, దిగాను, మళ్ళీ ఎక్కాను. వేళ్ళు తడబడలేదు, ఒక్క స్వరం తప్పు పోలేదు. అయిపోయాక టీచరమ్మ, "ఎక్కం బాగా అప్పజెప్పావు" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. బస్సెక్కాక మాత్రం కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

మామయ్యా, నా ఉద్యోగం అంబులెన్సు కంట్రోల్ రూములో. పొద్దున్నించీ సాయంత్రందాకా ఫోన్లో పరాయివాళ్ళ భయం వింటాను. ఇంటికొచ్చాక నాకంటూ మాట మిగలదు. అమ్మ అడిగినదానికి ఊఁ కొడతాను, అంతే. గిటార్ పట్టుకుంటేనే నేను మళ్ళీ మనిషినవుతాను. అక్కడ కూడా అప్పజెప్పడమే తప్ప మాట్లాడడం రాలేదంటే ఇక నేనెక్కడ మాట్లాడాలి?

నువ్వు ప్రెస్సులో మెషీన్ మీద పనిచేసే రోజుల్లో సాయంత్రాలు డాన్స్ హాల్లో బ్లూస్ పాటలు వాయించేవాడివట కదా. నీ సోలో వస్తే ఆడేవాళ్ళు ఆగిపోయి వినేవాళ్ళని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. నాకు మొదటి కార్డు వేళ్ళు పట్టుకుని నేర్పింది నువ్వే. ఆ తర్వాతది కూడా నేర్పి పుణ్యం కట్టుకో. జూన్‌లో లైబ్రరీ హాల్లో మా కచేరీ. ఈలోగా కుదరకపోతే వేరే గిటారిస్టుని చూసుకుంటామని డాక్టరుగారు మెత్తగా చెప్పారు.

నా వాయింపు క్యాసెట్ పెడుతున్నాను. విని, తిట్టు.

నీ
ఉడత

ఫిబ్రవరి 19

బంగారు తల్లీ,

పోస్టుమాన్ చేతిలోంచి నీ ఉత్తరం లాక్కున్నంత పని చేశాను. చదివి అత్తయ్యకిచ్చాను. చదివి ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంది. ఏమైందంటే ఉల్లిపాయలంది. ఆ వేళ ఇంట్లో ఉల్లిపాయలే లేవు.

నన్ను గిటార్ గురించి ఎవరైనా అడిగి చాలా ఏళ్ళయింది ఉడతా. మా వీధిలో వాళ్ళకి నేను ప్రెస్సులో పనిచేసి రిటైరైన ముసలాయన్ని, అంతే. అడిగినందుకు ముందు నేనే నీకు దణ్ణం పెట్టాలి.

సరే, పాఠం. నీకు వచ్చిన స్వరాలన్నీ మూటగట్టి అటక మీద పెట్టు. మూడే మూడు ఉంచుకో. గిటార్ మెడ మీద నాలుగో తీగ ఏడో గడి, ఏడో ఫ్రెట్, అది నీ ఇల్లు. మూడో తీగ ఐదో ఫ్రెట్, అదే తీగ ఏడో ఫ్రెట్. ఈ మూడింటితో నాలుగు వారాలైనా సరే, విసుగొచ్చేదాకా, విసుగు పోయేదాకా వాయించు.

మూడు స్వరాలతో ఏం చేస్తామంటావా? ఫోన్లో నువ్వేం చేస్తావో చెప్పు. "ఊపిరి ఆడుతోందా?" అంటావు. ఆగుతావు. అవతలివాళ్ళు ఏడుస్తుంటే అదే మాట మళ్ళీ అడుగుతావు, కాస్త మెత్తగానో కాస్త గట్టిగానో. ఆ తర్వాత ఏం చెయ్యాలో చెబుతావు. బ్లూస్‌లో నాలుగేసి దెబ్బల బార్లు పన్నెండూ అంతే. ఒక మాట, మళ్ళీ అదే మాట, ఆపైన దానికి జవాబు. మధ్యలో ఊపిరి. ఊపిరి తియ్యకుండా మాట్లాడేవాణ్ణి చూస్తే మనం తప్పించుకు పోతాం, సోలో కూడా అంతే.

ఇంకొకటి. వాయించబోయేది ముందు నోటితో అను. గొంతు బాగుండక్కర్లేదు, మీ అమ్మది బాగుందా ఏం? నోటితో అనలేనిది వేళ్ళతో వాయించకు.

క్యాసెట్ అందింది. అక్కకి చెప్పు, నాకు అలకా లేదు పాడూ లేదు.

మామయ్య

మార్చి 7

మామయ్యా,

మొదటి వారం నిన్ను మనసులో బాగా తిట్టుకున్నాను. మూడు స్వరాలేంటి, చేతులు కట్టేసి ఈత కొట్టమన్నట్టు! డాక్టరుగారైతే "ఏమ్మా, మిగతా తీగలు తెగాయా?" అని అడిగారు.

రెండో వారంలో ఒకటి జరిగింది. ఒకావిడ ఫోన్ చేసింది. భర్త మెట్ల మీంచి జారి పడ్డాడు, పిలిస్తే పలకడం లేదు. ఆవిడ నోట అడ్రసు రావడం లేదు, ఏడుపే. "ఎక్కడున్నారమ్మా?" అన్నాను. ఏడుపు. "ఎక్కడున్నారు?" అన్నాను, ఇంకా నెమ్మదిగా. ఆగాను. ఆ ఆగడంలో ఆవిడ ముక్కు ఎగబీల్చుకోవడం వినిపించింది, వెనక ఎక్కడో కుళాయి కారడం కూడా. మూడోసారి అడగలేదు. "నేను ఇక్కడే ఉన్నాను, మీరు చెప్పండి" అన్నాను. చెప్పింది. ఆయన బతికాడు, తుంటి ఎముక విరిగిందిలే.

ఇంటికొచ్చి బూట్లు కూడా విప్పకుండా గిటార్ తీశాను. ఆ రెండు ప్రశ్నలూ వాయించాను. మొదటిసారి నా వేళ్ళ కింద నుంచి ఎవరో మనిషి అడిగినట్టు వినిపించింది. ఎంత సంతోషమేసిందో ఎలా రాయను? ఇన్నేళ్ళుగా నేను రోజూ చేసే పనిలోనే ఇది ఉందని నువ్వు అక్కడ కూర్చుని కనిపెట్టావు.

అయితే ఒక్క బాధ. నా క్యాసెట్ గురించి "అందింది" తప్ప ఒక్క మాటా రాయలేదు. కరెంటు బిల్లు అందినట్టు! అంత దరిద్రంగా ఉందా? నిజం చెప్పు, ఏడవను. ఈసారి మూడు స్వరాల సాధన రికార్డు చేసి ఇంకో క్యాసెట్ పంపుతున్నాను. ఇది వినకుండా ఉత్తరం రాయకు.

ఉడత

మార్చి 20

ఉడతా,

ఆ కుళాయి కారడం వినిపించిందన్నావు చూడు, అక్కడే నీకు సగం విద్య వచ్చేసింది. ఆగితేనే పక్కన ఏముందో తెలుస్తుంది.

ఇక తీగ లాగడం చూద్దాం. మూడో తీగ ఐదో ఫ్రెట్ మీద వేలు పెట్టి, కొట్టి, రవ్వంత లాగు. పై స్వరందాకా పోనివ్వకు. ఏడవబోయి ఆపుకున్న గొంతులా, ఇటూ కాకుండా అటూ కాకుండా మధ్యలో ఉండాలి. పియానోలో ఆ చోటుకి మెట్టు లేదు. మనకి ఉంది. ఏడో ఫ్రెట్ దగ్గర మాత్రం మొహమాటపడకు, నిండుగా లాగు, రెండు ఫ్రెట్ల అవతలి స్వరం అందేదాకా. ఒక్క వేలితో కుదరదు, వెనక ఇంకో రెండు వేళ్ళు దన్ను పెట్టు.

వాక్యాన్ని ఎప్పుడూ తాళంలో ఒకటో దెబ్బ మీదే మొదలుపెట్టకు. గదిలోకి అందరికంటే ముందు దూరేవాణ్ణి ఎవరూ పట్టించుకోరు. కాస్త ఆలస్యంగా రా. కార్డు మారినప్పుడు మాత్రం ఆ కార్డులో ఉన్న స్వరం మీదే దిగు, కిందున్న బెంచీ చూసుకుని కూర్చున్నట్టు.

రెండో క్యాసెట్ విన్నాను. మొదట్లో కొంచెం బెరుకుంది. మధ్యలో మంచి పట్టు దొరికింది, అక్కడ నాకు ఒళ్ళు పులకరించింది. చివర్లో తొందరపడ్డావు. మొత్తానికి బాగుంది.

మామయ్య

మార్చి 27

మామయ్యగారికి,

మీ ఉత్తరం వచ్చే ముందురోజు మా ఆఫీసులో కొత్తగా చేరినవాళ్ళకి శిక్షణ పాఠం వినిపిద్దామని క్యాసెట్ పెట్టాను. అందులోంచి నా గిటార్ మోగింది. మా పై అధికారి నోరు వెళ్ళబెట్టాడు. రెండూ ఒకే రంగు డబ్బాలు, కవర్లో తప్పుది పెట్టాను. సిగ్గుతో చచ్చి, మీకు క్షమాపణ రాద్దామని కూర్చుంటే మీ ఉత్తరం వచ్చింది.

మీకు పంపిన క్యాసెట్‌లో ఒకావిడ, గుండె ఆగిన మనిషికి ఛాతీ ఎలా నొక్కాలో మొదటి నుంచి చివరిదాకా చెబుతుంది. అందులో గిటార్ లేదు. బెరుకు ఎక్కడ కనిపించింది? ఒళ్ళు ఎక్కడ పులకరించింది?

వినే తీరిక లేకపోతే లేదని రాస్తే సరిపోయేది. పసిపిల్లకి చెప్పినట్టు "బాగుంది బాగుంది" అన్నారు. మిగతా పాఠాలు కూడా ఇలాగే నోటికొచ్చింది రాసేశారేమో అని ఇప్పుడు ప్రతి మాటా అనుమానంగా ఉంది. టీచరమ్మ కనీసం నా మొహం మీద అంది.

ఇక మిమ్మల్ని విసిగించను. అత్తయ్యకి నమస్కారాలు.

మీ మేనకోడలు

ఏప్రిల్ 3

ఉడతా,

నువ్వు నన్ను "మీరు" అన్నావు. పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిసారి. ఆ ఒక్క మాటకే నేను నిజం చెప్పక తప్పదు.

నాకు వినపడదమ్మా.

ముందు పిట్టలు పోయాయి. చెట్ల మీద ఉన్నాయి, నోరు తెరుస్తున్నాయి, చప్పుడు లేదు. తర్వాత కుక్కర్ విజిల్. తర్వాత గిటార్ సన్నతీగలు. బతుకంతా ఆ ప్రెస్సు మెషీన్ల పక్కన నిలబడ్డాను, చెవుల్లో దూది పెట్టుకోమంటే గిటారిస్టుని నాకెందుకన్నాను. గిటారిస్టు కాబట్టే పెట్టుకోవాలని తట్టలేదు. ఇప్పుడు మనుషుల మాట కూడా పోయింది. చెవికి మిషను పెట్టించారు, రేకు డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టుంటుంది, మాట మాత్రం తెలియదు. మీ అత్తయ్య పెదాలు కదిలితే తెలుస్తుంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ మొహం ఇంత పరీక్షగా ఎప్పుడూ చూడలేదు. ఒక మేలు అది.

అందుకే ఫోన్ ఎత్తను. అందుకే పెళ్ళికి రాలేదు. అంతమందిలో అందరూ పలకరిస్తుంటే వెర్రినవ్వు నవ్వుతూ నిలబడాలి కదా. అక్క ఫోన్లో అన్న నాలుగు మాటలు కూడా అత్తయ్య తర్వాత కాగితం మీద రాసిచ్చింది, రెండే రాసి మిగతావి దాచిందని నా అనుమానం.

నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు నేను మళ్ళీ గిటారిస్టునయ్యాను. "వినలేను" అని రాస్తే అది ఆ రోజే అయిపోతుంది. అత్తయ్య బజారుకెళ్ళినప్పుడు నీ క్యాసెట్ పెట్టి, స్పీకరు మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాను, రెండుసార్లూ. రెండోది అదురుతుంటే లయ ఉందనుకున్నాను. క్యాసెట్‌లో ఆవిడెవరో "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెడుతోందని నాకేం తెలుసు? ఒళ్ళు పులకరించిన మాట మాత్రం అబద్ధం కాదు, నువ్వే అనుకున్నా కదా.

నీ కోపం ఉత్తరం చదివాక అత్తయ్య ఆ క్యాసెట్ పెట్టుకుని విని, కడుపు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. నేను మంచినీళ్ళిస్తే, ఆ పాఠంలో చెప్పినట్టు నా ఛాతీ మీద నొక్కి చూపించింది. నీ మొదటి క్యాసెట్ కూడా వింది. ఎలా ఉందని అడిగితే "శుభ్రంగా ఉంది, ఎవరూ కాపురం లేని ఇల్లులా" అని రాసిచ్చింది. ఆవిడకి సంగీతం రాదు గాని అంతకంటే బాగా నేను చెప్పలేను.

పాఠాలు నోటికొచ్చినవి కావు తల్లీ. అవి నేను వాయించినవి. ఇప్పటికీ వాయిస్తాను, గడ్డం గిటార్ పైఅంచుకి ఆనించి. వినపడదు, తెలుస్తుంది. పక్కతీగ కూడా మోగిస్తూ తీగ లాగితే, దాని స్వరానికి దగ్గరైనకొద్దీ ఎముకలో వణుకు నెమ్మదిస్తుంది, అందగానే పూర్తిగా సద్దుమణుగుతుంది. చెవులున్నప్పుడు నాకు ఆ సంగతే తెలియదు.

నీకు ఇంకా నేను కావాలంటే ఒక్కటే దారి. క్యాసెట్లు పంపకు. వాయించింది నాకు రాయి. ఎక్కడ మొదలైంది, ఎక్కడ ఆగింది, ఏం అంది, మాటల్లో రాయి. నేను చదివి వింటాను. వద్దనుకుంటే కూడా సరే. అక్కకి మాత్రం నువ్వే ఎప్పుడైనా మెల్లిగా చెప్పు. నాకు నోరు రాలేదు.

మామయ్య

ఏప్రిల్ 16

మామయ్యా, మామయ్యా,

నీ ఉత్తరం డ్యూటీలో మధ్యాహ్నం విరామంలో చదివాను. తర్వాత మొదట వచ్చిన ఫోన్ నేను ఎత్తలేదు. పక్కసీటు అమ్మాయి అందుకుంది.

నన్ను క్షమించమని అడగను, అడిగితే నువ్వు జోకేసి దాటేస్తావు. రోజంతా ముక్కూ మొహం తెలియనివాళ్ళ గొంతులో ఏముందో పట్టుకునే నేను, నీ ఉత్తరాల్లో ఏం లేదో పట్టుకోలేకపోయాను. వాళ్ళకి ఫోన్లో "నేను ఇక్కడే ఉన్నాను" అంటాను. నీకెప్పుడూ అనలేదు. ఇప్పుడంటున్నాను.

నువ్వు చెప్పినట్టు నా సోలో రాద్దామని కూర్చున్నాను. ఒక్క ముక్క రాయలేకపోయాను! "ఇక్కడ పైకి వెళ్ళి కిందికి వచ్చాను, మళ్ళీ వెళ్ళాను" అని రాసి చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. ఇంతమాత్రం దానికి స్టాంపు దండగ. కొట్టేశాను. రాయడానికి వీల్లేని చోటల్లా నేను ఊరికే వేళ్ళు ఆడిస్తున్నానని అప్పుడు అర్థమైంది. అలా కొట్టేస్తూ కొట్టేస్తూ పోగా, రెండు వాక్యాలు మిగిలాయి. ఇవిగో.

మొదటిది: "అక్కడ ఎవరైనా ఉన్నారా?" టీచరమ్మ పాట ఆపాక ఒక దెబ్బ వదిలేసి, ఇంటి దగ్గర మొదలవుతుంది. రెండుసార్లు గుమ్మంలో తచ్చాడి ఐదో ఫ్రెట్‌కి వెళ్ళి, దాన్ని రవ్వంత లాగి, తిరిగి రాకుండా అక్కడే ఆగిపోతుంది. వీధిలోకి తొంగిచూసే మనిషిలా.

రెండోది: మళ్ళీ "అక్కడ ఎవరైనా ఉన్నారా?" కాని కింద కార్డు మారుతుంది. అందుకని ఈసారి మూడో తీగ ఏడో ఫ్రెట్ మీద దిగుతుంది. ఈసారి తొంగిచూడదు, గడప దాటుతుంది. కొంచెం గట్టిగా.

మూడోది రావడం లేదు. నా ఉద్యోగంలో అడగడమే గాని జవాబు ఎప్పుడూ అవతలి నుంచి వస్తుంది. అందుకని ఆ నాలుగు బార్లూ ఖాళీగా పంపుతున్నాను. జవాబు నువ్వు రాయి.

జూన్ పదిహేనున కచేరీ. నువ్వూ అత్తయ్యా రావాలి. ముందు వరసలో కుర్చీలు పట్టి ఉంచుతాను.

ఇక్కడే ఉన్న
నీ ఉడత

మే 2

ఉడతా,

వినిపించింది.

అతిశయోక్తి కాదు. రెండో వాక్యంలో గడప దాటుతుందన్నావు చూడు, అక్కడ నా తలలో ఆ స్వరం మోగింది, పాత హాల్లో మోగినట్టే. కాగితం పట్టుకుని కుర్చీలోంచి లేచాను. అత్తయ్య ఏమైందని చేత్తో అడిగింది. "అమ్మాయి కార్డు మీద సరిగ్గా దిగింది" అన్నాను. ఎక్కడో మేడ మీంచి దూకిందనుకుని కంగారుపడింది.

ఒకే ఒక్క మార్పు. మొదటి వాక్యంలో గుమ్మం దగ్గర రెండుసార్లు తచ్చాడకు, ఒక్కసారి చాలు. జంకేవాడు ఒక్కసారే జంకుతాడు. రెండోసారి నటన.

జవాబు రాయడానికి ఇన్ని రోజులు పట్టింది. ఎన్ని రాసి చింపానో. వయసులో ఉన్నప్పుడు ఆ నాలుగు బార్లలో వానజల్లులా కురిపించేవాణ్ణి. అవన్నీ రాసి చూస్తే నీ ప్రశ్నకి జవాబులు కావు, నా గొప్పలు. చివరికి ఇది మిగిలింది.

వెంటనే మొదలుపెట్టకు. డాక్టరుగారికి నీ మీద అనుమానం వచ్చేదాకా ఆగు. తర్వాత మూడో తీగ ఏడో ఫ్రెట్, నిండుగా లాగు. అందాక అక్కడే నిలబెట్టి కాస్త వణికించు. కార్డు మారుతుంది, అప్పుడు నెమ్మదిగా దించు, కొట్టకుండా. ఐదో ఫ్రెట్, మెత్తగా. ఇక ఇంటికి రా. దానికి మాటలు కావాలంటే, "ఉన్నాను, ఇప్పుడే వస్తున్నాను." అంతకంటే నా దగ్గర లేదు.

కచేరీకి మాత్రం రాలేను. కోప్పడకు. అంతమంది చప్పట్లు కొడుతుంటే, పక్కవాళ్ళ చేతులు చూసి నేనూ కొట్టాలి. అది నాకు ఇంకా చేతకాదు. నువ్వు రాయి, నాకదే కచేరీ.

మామయ్య

జూన్ 17

మామయ్యా,

నిన్ననే రాయాల్సింది, అమ్మ రాయనివ్వలేదు. ఎందుకో చెబుతాను, వరసగా చెప్పనీ.

లైబ్రరీ హాలు పాతది, చెక్క నేల, నడిస్తే కిర్రుమంటుంది. కుర్చీలు సగం పైగా నిండాయి. డాక్టరుగారి పేషెంట్లే ఎక్కువ, భయభక్తులతో కూర్చున్నారు. పాటలు బాగానే నడిచాయి. నాలుగో పాటలో టీచరమ్మ పక్కకి జరిగి నా వైపు చూసింది.

ఒక దెబ్బ వదిలేశాను. అడిగాను. గుమ్మంలో ఒక్కసారే జంకాను, నువ్వు చెప్పినట్టు. మళ్ళీ అడిగాను, గడప దాటాను. తర్వాత ఆగాను.

మామయ్యా, ఆ ఆగడం! సాధనలో అంతసేపు ఎప్పుడూ ఆగలేదు. డాక్టరుగారు నేను మర్చిపోయాననుకున్నారు, కళ్ళు ఇంతింత చేసి నన్నే చూస్తున్నారు, డ్రమ్ము మాత్రం ఆపలేదు పాపం. హాల్లో ఎవరి కుర్చీయో కిర్రుమంది. భయం వేయలేదు. ఆ నిశ్శబ్దంలో అవతలివైపు ఎవరో ఉన్నట్టే అనిపించింది, లైను కలిసే ఉన్నట్టు. అప్పుడు నీ జవాబు వాయించాను.

తీగ పైకందగానే వెనక వరసలోంచి ఒక పెద్దాయన "ఆఁ" అన్నాడు, ఎవరో పిలిస్తే పలికినట్టు. దించాను. ఇంటికొచ్చాను. టీచరమ్మ మళ్ళీ పాడాల్సిన చోట పాడకుండా నిలబడిపోయింది. తర్వాత అందుకుంది అనుకో. కచేరీ అయ్యాక దగ్గరికొచ్చి "ఆ చివరి మాట ఎవరిది?" అంది. నాది కాదని ఆవిడకెలా తెలిసిందో! "మా మామయ్యది" అన్నాను.

కాని చెప్పాల్సింది అది కాదు. అమ్మ రెండో వరసలో కూర్చుంది. తనకి మన ఉత్తరాల సంగతి ఏమీ తెలియదు, నువ్వు రాసిచ్చిన సంగతి అసలే తెలియదు. బయటికొచ్చాక నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వు వాయిస్తుంటే చివర్లో మా తమ్ముడు మాట్లాడాడే" అంది. "వాడి గొంతే. అలా సాగదీసి, 'వస్తున్నా అక్కా' అన్నట్టు."

ఇక దాచడం నా వల్ల కాలేదు. మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. అమ్మ మోకాళ్ళు రుద్దుకుంటూ వింది. తర్వాత "నేను ఫోన్లో తిట్టిన తిట్లేవీ వాడి చెవిన పడనే లేదా?" అంది. "లేదమ్మా" అన్నాను. "మంచిదయింది" అని ఏడుస్తూ నవ్వింది. నిన్నంతా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నీకు ఉత్తరం రాసింది, రాసినదల్లా నాకు చదివి వినిపించి, మళ్ళీ చింపి, మళ్ళీ రాసి. ఇందులోనే పెడుతున్నాను. వచ్చే నెల మేమిద్దరం వస్తున్నాం. రావద్దనకు, టికెట్లు తీసేసుకుంది.

డాక్టరుగారు వేరే గిటారిస్టు మాట మళ్ళీ ఎత్తలేదు. నా పళ్ళు ఒకసారి ఊరికే చూస్తానన్నారు. అది ఆయన మెచ్చుకోలు.

నాకు మాట వచ్చింది మామయ్యా. ఇప్పుడు ఇంటికొచ్చాక అమ్మతో కూడా మాట్లాడుతున్నాను. నువ్విచ్చిందేనని రోజూ అనుకుంటాను.

ఉడత

జూన్ 28

తల్లీ,

నీ ఉత్తరం, అక్కది, రెండూ అత్తయ్యా నేనూ పక్కపక్కనే కూర్చుని చదివాం. అక్క తిట్టాల్సినవన్నీ పూర్తిగా రాసింది, ఒక్కటీ దాచలేదు. ప్రాణం లేచొచ్చింది.

ఆ వెనక వరస పెద్దాయన ఎవరో కనుక్కోగలిగితే నా నమస్కారం చెప్పు. నేనెప్పటికీ వినలేని హాల్లో నా మాటకి ఒక మనిషి పలికాడు. గిటార్ పట్టుకున్నవాడికి అంతకంటే ఏం కావాలి? ఆ మాట అక్కడిదాకా మోసుకెళ్ళింది నీ వేళ్ళు. నేనిచ్చానంటావు గాని, నువ్వు అడగకపోతే అది నాలోనే ఉండిపోయేది.

ఇక్కడి వార్త ఒకటుంది. మీ అత్తయ్య గిటార్ మొదలుపెట్టింది.

నవ్వకు. మీ ఉత్తరాలు చదివిన మర్నాడు నా గిటార్ తీసి ఒళ్ళో పెట్టుకుని "కార్డులు చూపించు" అని సైగ చేసింది. ఇన్నేళ్ళలో దాని మీద దుమ్ము తుడవడం తప్ప ముట్టుకున్నది లేదు. మూడు కార్డులు నేర్పాను. వేళ్ళ కొనలు మండుతున్నాయని నాకు చూపించి చూపించి తిడుతోంది. ఆ తిట్లు నాకు పెదాల మీద బాగానే తెలుస్తాయి. పక్కింటాయన దగ్గర ఇంకో పాత గిటార్ ఉంటే అడిగి తెచ్చాను, అది నాకు.

రోజూ మధ్యాహ్నం కిటికీ దగ్గర ఎదురెదురుగా కూర్చుంటున్నాం. ఆవిడ కార్డు కొడుతుంది, నేను సోలో. వినపడనివాడు ఇంకొకరితో కలిసి ఎలా వాయిస్తాడంటావేమో. ఆవిడ ఎడమచెయ్యి చూస్తాను. వేళ్ళు లేచి తర్వాతి కార్డుకి బయల్దేరాయంటే నేను దిగాల్సిన చోటు తెలుస్తుంది. మొన్న రెండో కార్డు దగ్గర ఆవిడకి చిటికెనవేలు అందలేదు. పెదవి కొరుక్కుని, ఒక్కో వేలూ తీసి పెట్టుకుంటోంది. నేను తీగ లాగి పట్టుకున్నాను. చెయ్యి నొప్పెడుతోంది, వదల్లేదు. చివరికి పెట్టుకుంది, తలెత్తి నా వైపు చూసి "ఆఁ, ఇప్పుడు" అంది.

దిగాను.

మీరు వచ్చేసరికి ఆవిడ మూడో కార్డు కూడా సరిగ్గా పట్టేస్తుంది. నీ గిటార్ తెచ్చుకో. అక్క కూర్చునే కుర్చీ నాకు ఎదురుగా వేస్తాను, మొహం కనపడేలా.

మీ కోసం చూస్తూ,
మామయ్య